గొట్టంలో చిక్కిపోయిన శుక్రుడు

ఆ రోజుల్లో నాకు తెలియనిదేదైనా ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని నాకు గట్టి నమ్మకం. తెనాలిలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. కళ్ళద్దాల షాపులో కొన్న కటకాన్ని పీవీసీ గొట్టానికి బిగించి, పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు వదిలేసిన స్టాండు మీద నిలబెట్టి, సాయంత్రాలు పెరట్లోంచి గ్రహాలు చూసేవాణ్ణి. (దాన్ని నేను టెలిస్కోపు అనేవాణ్ణి, వీధి మొత్తం గొట్టం అనేది. చివరికి వీధే నెగ్గింది.) గురుడి పక్కన నాలుగు చుక్కలు కనపడిన రోజున అమ్మను పిలిచి చూపిస్తే, బాగానే ఉన్నాయి గానీ నీ పెళ్ళెప్పుడో అందులో ఏమన్నా కనపడుతోందా అని అడిగింది.

2004 వేసవిలో బాపట్ల సంబంధం వచ్చింది. అమ్మాయి ఎంత నచ్చిందంటే, పెళ్ళిచూపుల్లో పెట్టిన జంతికలు తినడం మరిచిపోయానని మా అక్క ఇప్పటికీ చెబుతుంది. ముహూర్తం పెట్టడానికి రేపల్లె నుంచి మా ఇంటి సిద్ధాంతిగారు ప్యాసింజరులో వచ్చారు. పంచాంగం తిరగేసి, శుక్ర మూఢమి వస్తోందన్నారు. శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్ళి కంటికి కనపడకుండా పోయే రోజులవి, పెళ్ళిళ్ళు చెయ్యరు. దానికి ముందు కొన్నాళ్ళు శుక్రుడికి వృద్ధత్వమట, అదీ పనికిరాదు. అది దాటితే ఆషాఢం, ఆపైన ఆ ఏడు అధిక శ్రావణం. వెరసి నిజ శ్రావణం దాకా, అంటే సుమారు మూడు నెలలు, తాళి మాట ఎత్తకూడదు. ఈలోగా అమ్మాయి మేనమామ బెంగుళూరు సాఫ్ట్‌వేర్ సంబంధం ఒకటి పట్టుకొచ్చాడని కబురు. మూడు నెలల్లో ఆ కుర్రాడు వచ్చి చూసి, నచ్చి, లగ్నపత్రిక కూడా రాయించుకోగలడు.

అప్పుడే నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పొద్దుగూకాక పడమట శుక్రుడు ధగధగా మెరుస్తూనే ఉన్నాడు కదా, వృద్ధుడెలా అవుతాడు? కళ్ళారా చూస్తే ఒప్పుకుంటారా అని సిద్ధాంతిగారిని అడిగాను. ఆయన కండువా సర్దుకుని సరే పదమన్నారు. ఇంటిల్లిపాదీ పెరట్లో చేరారు. (ఆ నెలంతా నేను గొట్టం ముట్టుకోలేదు. ధ్యాసంతా బాపట్లలోనే.) ముందు అమ్మ చూసింది. శుక్రుడని చెప్పి చంద్రుణ్ణి చూపిస్తావేంట్రా అంది. కంగారుగా నేనూ చూశాను. కత్తిరించి పడేసిన గోరులా, సన్నటి వంక. శుక్రుడికీ చంద్రుడిలాగే కళలుంటాయని పిల్లలకు పాఠం చెప్పింది నేనే. సమయానికి అది గుర్తు రాలేదు.

సిద్ధాంతిగారు తలెత్తి చూసి, చంద్రుడు సగానికి పైగా పెరిగి నడినెత్తిన ఉన్నాడు కాబట్టి ఇది శుక్రుడేనని తేల్చారు. తర్వాత గొట్టానికి కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు.

"ఇన్నేళ్ళూ వృద్ధత్వం అని చదవడమే గానీ ఎప్పుడూ చూడలేదు నాయనా. పాపం, ఎలా చిక్కిపోయాడో చూడు. మంచం పట్టినవాణ్ణి పెట్టుకుని పెళ్ళి చేస్తామా?"

నేను కళల గురించి వివరించబోయాను. నీ గొట్టమే చెప్పాక ఇంకా నువ్వు చెప్పేదేంట్రా అన్నారు నాన్న. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను.

జూన్‌లో శుక్రుడు పట్టపగలు సూర్యబింబం మీదుగా దాటుతాడని పేపర్లో పడింది. బాపట్ల నుంచి అమ్మాయి నాన్నగారు ఫోన్ చేసి, గొట్టం తీసుకుని రమ్మన్నారు. రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. (బోరు పనికా బాబూ అని దారిలో ఇద్దరు అడిగారు. అవునన్నాను.) సూర్యుడి వైపు గొట్టంలోంచి చూడకూడదు గనక, వెలుగును తెల్ల అట్ట మీద పట్టాలి. అట్ట పట్టుకోవడానికి అమ్మాయే వచ్చింది. మేనమామ వరండాలో కుర్చీ వేసుకుని మమ్మల్నే చూస్తున్నాడు. అట్ట మీద అరచేతి వెడల్పున సూర్యుడు, అందులో ఆవగింజంత నల్లచుక్క.

"ఈ చుక్కేనాండీ మన పెళ్ళి ఆపింది?" అంది.

"అవునండి" అన్నాను. అంతకు మించి సైన్సేమీ గుర్తు రాలేదు.

"దాటిపోతోందిగా. శ్రావణం దాకా నేనాగుతాను, మీరు కంగారుపడకండి."

గొంతు తగ్గించి అనలేదు. మేనమామ ఎండ ఎక్కువైందంటూ కుర్చీ లోపలికి తీసుకుపోయాడు. బెంగుళూరు మాట మళ్ళీ వినపడలేదు. ఆ తర్వాత గురుణ్ణి చూపించాలన్న నెపంతో ఆదివారాలు బాపట్ల వెళ్ళేవాణ్ణి. మబ్బు పట్టిన ఆదివారాలు కూడా వెళ్ళాను. శ్రావణంలో సిద్ధాంతిగారే దగ్గరుండి తాళి కట్టించారు.

గొట్టం ఇప్పుడు అటక మీద ఉంది, కటకానికి బూజు పట్టింది. బంధువుల్లో ఎవరింట పెళ్ళి మాట వచ్చినా, మూఢమి ఎప్పుడో చూసుకున్నారా, తొందరేముంది అని ముందు అడిగేది నేనే. అప్పుడు మా ఆవిడ, "మబ్బు పట్టిన ఆదివారాలు కూడా గురుణ్ణి చూపిస్తానని వచ్చిన మనిషి మీరేనా?" అని నవ్వుతుంది. ఆ కంగారు మనిషిని ఒక్కసారి మళ్ళీ చూడాలని నాకూ ఉంటుంది.