నీళ్ల బస్సులో నా సీటు

ఆ వానాకాలం మా మెదక్ నుంచి పాపన్నపేట వైపు పోయే బస్సు నీళ్ల మీద నడిచింది. వెటకారం కాదు, నిజంగానే. పైన డ్యాము గేట్లు ఎత్తితే మంజీర పొంగి చిన్న వంతెన కొట్టుకుపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న పల్లపు రోడ్డంతా చెరువైపోయింది. కొన్నాళ్లు అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే ఉండిపోయాం. తర్వాత ఎవరో కాంట్రాక్టరు పట్నంలో చెరువు మీద తిప్పే పాత మోటారు పడవను లారీలో తెచ్చి దించాడు. దాని ముందు భాగంలో హంస బొమ్మ, దాని ముక్కు పెచ్చులూడిపోయి ఉండేది. పొద్దున, సాయంత్రం నాలాంటి నౌకరీవాళ్లు, కూరగాయల గంపలవాళ్లు ఎక్కేవాళ్లు. ఆదివారమైతే నీళ్లు చూడటానికి హైదరాబాద్ నుంచి వచ్చిన జనంతో కిటకిటలాడేది. అందరం దాన్ని నీళ్ల బస్సు అనేవాళ్లం.

నేను అవతలి ఒడ్డున ఒక ఊళ్లో సబ్ సెంటర్ నర్సుని. రోజూ పోక తప్పదు. కానీ ఆ ప్రయాణమంటే నాకు మొదటి రోజు నుంచీ భయమే, అది దాచుకోవాల్సిన పనేం లేదు. పడవ సరిగ్గా మునిగిన రోడ్డు మీదుగానే పోయేది. నడుము దాకా నీళ్లలో నిలబడ్డ కరెంటు స్తంభాలే డ్రైవరుకు గుర్తులు. దారిలో బస్సు షెల్టరు కప్పు ఒక్కటే నీళ్ల పైకి కనపడేది. అక్కడికి రాగానే ఆయన ఇంజన్ తగ్గించి కాసేపు ఆపేవాడు. దిగేవాళ్లుండరు, ఎక్కేవాళ్లుండరు. ఎందుకాపుతున్నావని ఒకరోజు అడిగాను.

"స్టేజీ గద నర్సమ్మా" అన్నాడు. అంతకుముందు ఆయన అదే రూట్లో షేర్ ఆటో నడిపేవాడు. చేతికి అలవాటైపోయింది.

ఆ కప్పు కింద సిమెంటు బెంచీ ఉంది. బస్సు కోసం దాని మీద ఎన్నిసార్లు కూర్చున్నానో. ఇప్పుడు దాని మీద ఎవరు కూర్చున్నారో అన్న పిచ్చి ఆలోచన రాకుండా ఉండాలని నేను తల పక్కకు తిప్పుకునేదాన్ని. అయినా వచ్చేది.

మా బస్సుల్లో కిటికీలోంచి చేతిరుమాలు, అదే మా దస్తీ, వేస్తే ఆ సీటు నీదే. పడవకు కిటికీలు లేకపోయినా ఆ ఆచారం మాతో పాటే పడవెక్కింది. బల్ల మీద దస్తీ ఉంటే అక్కడ మనిషి ఉన్నట్టే, దాన్ని ఎవరూ ముట్టరు. కూరగాయలమ్మే ఒకావిడ తప్ప. ఇంజన్‌కు ముందు, నీళ్లు చిమ్మని చివరి సీటు మీద నా కన్నూ ఆమె కన్నూ ఒకేసారి పడ్డాయి. నేను దస్తీ వేస్తే ఆమె తీసి పక్కన పడేసేది. "దస్తీకి టికెట్ తీస్కున్నవా?" అనేది. నేనేం తక్కువ తినలేదు. ప్రతి సాయంత్రం మా లొల్లి విని పడవంతా నవ్వుకునేది. ఆమెను చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

ఆ ఆదివారం పోలియో చుక్కల డ్యూటీ. ఇంట్లో చిన్న బిడ్డకు జ్వరమని పక్కింటివాళ్లకు అప్పజెప్పి పోయాను. పొద్దంతా ఇల్లిల్లూ తిరిగి, పొద్దు వాలే వేళకు చివరి పడవ పట్టుకున్నాం. ఆ రోజు సీటు నాకే దక్కింది, కూరగాయలావిడ గంపతో ముందు బల్ల మీద కూర్చుంది. నా పక్కన నాతో పాటు డ్యూటీ చేసిన అంగన్‌వాడీ టీచరు, చుక్కల మందు డబ్బా ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తోంది. మధ్యలో మునగకుండా మిగిలిన రాళ్లగుట్ట ఒకటుంది. ఫోటోలు దిగడానికి అక్కడ దిగిన పట్నంవాళ్లను ఎక్కించుకోవడానికి పడవ ఆగింది.

పొద్దున్నుంచీ బిగబట్టుకుని ఉన్నాను. ఇళ్లల్లో అడగడానికి మొహమాటం, సెంటర్లో నీళ్లు లేవు. ఇక ఆగలేక, సీటు మీద బ్యాగు పెట్టి, దాని మీద దస్తీ కప్పి, ఎవరికీ చెప్పకుండా దిగి గుట్ట వెనక్కి పోయాను. అది చెప్పి పోయే పనా?

నేను ఇంకా రాళ్ల వెనకే ఉన్నాను. డ్రైవరు గొంతు వినపడింది.

"అందరొచ్చిండ్రా?"

"ఆ!" అని అంతా ఒక్కసారే అన్నారు. ఇంజన్ మోగింది.

పడుతూ లేస్తూ పరుగెత్తాను. అప్పటికే పడవ కదిలిపోయింది. అరిచాను, చేతులూపాను. ఇంజన్ చప్పుడు, పట్నం పిల్లల కేకలు. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. సన్నగా జల్లు మొదలైంది. అప్పుడు నా సీటు వైపు చూశాను.

అక్కడ మనిషి ఉంది. కొంగు తల మీదికి కప్పుకుని, కొంచెం ముందుకు వంగి కూర్చుని ఉంది. జల్లు పడితే నేనూ అచ్చం అట్లాగే కూర్చుంటాను.

బ్యాగు మీద దస్తీ దూరానికి అట్లా కనపడిందని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటాను. కానీ ఆ నిమిషంలో అట్లా అనుకోలేకపోయాను. నా చోటు నిండింది, ఇక నన్ను వెతికేదెవరు? ఇంటి నుంచి ఫోన్ చేసినా పడవెక్కింది, వస్తోంది అనే చెబుతారు. బిడ్డ తలుపు వైపు చూస్తూ పడుకుంటుంది. నా ఫోను ఆ బ్యాగులోనే ఉంది.

నేను కాలు పెట్టి దిగిన బల్లపరుపు బండ కోసం చూశాను. కనపడలేదు, నీళ్ల కింద ఉంది. చీమలు బారులు కట్టి నా చెప్పుల మీదుగా పైకి పాకుతున్నాయి. కింద నుంచి తడి తరుముతోందన్నమాట. పైన మళ్లీ గేట్లు ఎత్తారని అర్థమైంది. చీమలతో పాటు నేనూ పైకెక్కాను. ఏడ్చాను కూడా.

దూరంగా పడవ లైటు షెల్టరు కప్పు దగ్గర ఆగింది. ఇంజన్ తగ్గింది. అదే అదను అనుకుని ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాను. కాసేపటికి ఆ కప్పు వైపు నుంచి నా అరుపు నాకే తిరిగొచ్చింది, కొంచెం ఆలస్యంగా, కొంచెం మెల్లగా. మళ్లీ అరవడానికి ధైర్యం చాలలేదు. ఇంజన్ మోగింది. లైటు ముందుకు పోలేదు, నా వైపు తిరిగింది.

పడవలో ఏం జరిగిందో నాకు తర్వాత చెప్పారు. స్టేజీ దగ్గర పడవ ఆగగానే కూరగాయలావిడ లేచి నా సీటు దగ్గరికొచ్చి దస్తీ లాగి పారేసింది. లొల్లికి సిద్ధంగా నిలబడింది. లొల్లి కాలేదు.

"నర్సమ్మేది?" అంది.

"గాడనే ఉన్నది గద" అన్నారు ఎవరో.

"ఇప్పుడే మాట్లాడిన. బిడ్డకు జరం ఎట్లుందని అడిగితే ఊ అన్నది" అంది అంగన్‌వాడీ టీచరు.

"ఆమె ఉంటే నేను దస్తీ లేపితే ఊకుంటదా? తిప్పు పడవ!"

పడవ గుట్ట దగ్గరికొచ్చింది కానీ ఎవరూ చెయ్యి అందించలేదు. డ్రైవరు టార్చి తీసి నా మొహం మీద కాదు, నా కాళ్ల మీద వేశాడు. పాదాలు ముందుకున్నాయా, వెనక్కి తిరిగున్నాయా అని చూస్తున్నాడు. చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పిన దయ్యాల గుర్తు అదే. నేనూ భయం భయంగా వంగి నా కాళ్లు చూసుకున్నాను.

"ఏమనుకోకుండ్రి నర్సమ్మా" అన్నాడాయన. "నర్సమ్మ పడవల్నే ఉండె అంటున్నరు. జర ఏమన్న గుర్తు చెప్పుండ్రి."

ఏం గుర్తు చెప్పాలి? నా పేరు, బిడ్డ పేరు అందరికీ తెలిసినవే. నీళ్లు నా చెప్పులదాకా వచ్చాయి.

అప్పుడు కూరగాయలావిడ పోయి నా సీట్లో బాసిపట్టు వేసుకుని కూర్చుంది. నా బ్యాగును కాలితో కిందికి నెట్టింది.

"ఈ సీటు ఇగ నాదే. నువ్వు వస్తే రా, కింద తడిల కూసో."

నాకెక్కడి నుంచి వచ్చిందో అంత కోపం. "నీ అయ్య జాగీరా అది? నా బ్యాగును తంతవా? లే! లేస్తవా, జుట్టు పట్టి గుంజాల్నా?"

"గీమెనే మన నర్సమ్మ" అంది ఆమె డ్రైవరుతో. "చెయ్యియ్యి."

పడవలోకి పడ్డాక ఆమె లేచి నన్ను ఆ సీట్లో కూలేసి, తన గంప మీది గోనె సంచి తీసి నా చుట్టూ కప్పింది. నేను ఆమె చీర పట్టుకుని ఏడ్చాను. "మల్ల ఏడుపొకటి" అని విసుక్కుంది.

అంగన్‌వాడీ టీచరు మాత్రం బల్ల చివరికి జరిగి కూర్చుంది. ఈసారి షెల్టరు కప్పు దగ్గర డ్రైవరు పడవ ఆపలేదు. ఒడ్డు దగ్గరపడుతుండగా టీచరు మెల్లగా దగ్గరికొచ్చి, నా చెయ్యి పట్టుకుని చూసి వదిలేసింది.

"ఎచ్చగున్నది అక్కా" అంది. "ఇంతకముందు పట్టుకున్నప్పుడు సల్లగుండె."