నార్మల్ సారు

పొల్యూషన్ ఆఫీసు సారు పేరు గుర్తులేదు. నేను చేపలు పట్టే గుండ్రటి పుట్టిలో కూర్చుని, మీసం దువ్వుకుంటూ "నార్మల్" అనడం మాత్రం మరిచిపోలేదు.

మా ఒడ్డునున్న ఫ్యాక్టరీ కరెంటు ప్లాంటు వేడినీళ్లను కృష్ణలోకి వదిలే గొట్టం దగ్గర చేపలు చచ్చి తేలేవి. ఆయనేమో గొట్టానికి ఎగువన, చల్లటి నీళ్లలో థర్మామీటరు ముంచేవాడు. "నార్మల్." మా వలల్లో చేప పడడం మానేసింది.

ఒకరోజు పుట్టిని సరిగ్గా గొట్టం ముందుకు తిప్పి, తెడ్డు ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏందిరా, ఒడ్డుకు పోనీయి" అన్నాడు.

"మోకాలి లోతే సార్, దిగి నడవండి. నీళ్లు నార్మలేగా!"

ఆవిర్లు లేస్తున్న నీళ్లను చూసి కాళ్లు పైకి ముడుచుకున్నాడు. "నీకేం కావాలిరా?"

"ఏమొద్దు సార్. మీరు దిగేదాకా కూర్చుంటా. నాకు చానా తీరిక. పట్టడానికి చేపల్లేవుగా."