మీరేమైనా మార్చారా అండి?

సోమవారం పొద్దున నా కంప్యూటర్ నన్ను లోపలికి రానివ్వలేదు. పాస్‌వర్డ్ కొట్టాను. తప్పు అంది. ఒక్కో అక్షరం చూసుకుంటూ, కీబోర్డు విరుగుతుందేమో అన్నంత గట్టిగా మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పు అంది. గడిలో నల్ల చుక్కలు వరసగా పడటం, గడి ఒకసారి వణికి ఖాళీ అయిపోవడం, అంతే. మరుసటి రోజు మధ్యాహ్నం క్లయింటుకు మూడు నెలల పని చూపించాలి. ఆ పనంతా ఆ పెట్టెలోనే ఉంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాచుకునే అలవాటు కూడా లేదు. మాది ఖాజాగూడ, ఆ చుట్టుపక్కల బండలు ఇంకా బండలుగా ఉన్నప్పటి నుంచి. ఇప్పుడు మా మేడ మీద నిలబడితే నేను పనిచేసే అద్దాల భవనం కనబడుతుంది, దాని వెనక అలాంటివే ఇంకో పది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు మా ఊళ్లో నాకే దారి చెబుతుంటే ఒళ్లు మండేది. ముఖ్యంగా కోస్తా వాళ్ల 'అండి'. మర్యాదకు అంటున్నారో, మెత్తగా గిల్లుతున్నారో తెలిసేది కాదు. గిల్లుతున్నారనే అనుకునేదాన్ని.

మా ఆఫీసులో కంప్యూటర్ పాడైతే టికెట్ పెట్టాలి. టికెట్ అంటే ఆన్‌లైన్‌లో పెట్టే ఫిర్యాదే. పెట్టిన గంటకు సపోర్టు మనిషి వచ్చాడు. నలభై ఐదు దాటి ఉంటాయి, గుంటూరు వైపు మనిషి, మెడలో చిన్న సిలువ. మా కంపెనీ ఉద్యోగి కాదు. ఒక ఏజెన్సీ తరఫున కాంట్రాక్టు మీద మా అంతస్తు చూసేవాడు. పుప్పాలగూడలో కిరాయికి ఉంటూ నడిచే ఆఫీసుకు వచ్చేవాడు. భార్య నర్సు. ఆమె పొద్దున డ్యూటీకి పోతే పక్షవాతం వచ్చిన అత్తగారికి మధ్యాహ్నం అన్నం తినిపించడానికి ఇంటికి వెళ్లి వస్తాడని మా అంతస్తులో అందరికీ తెలుసు. ఆ గంట అతను దొరకడని నేను చాలాసార్లు విసుక్కున్నాను కూడా.

కుర్చీ లాక్కుని కూర్చుని, కీబోర్డు ముట్టుకోకముందే అడిగాడు.

"మీరేమైనా మార్చారా అండి?"

"నేనేం మార్చలే."

"అప్‌డేట్ ఏదైనా చేశారా? కొత్తది ఏమైనా వేశారా?"

"ఏంది, దొంగను అడిగినట్టు అడుగుతున్రు? ఏం మార్చలే అంటున్న గద. జర జల్ది చూడున్రి, రేపు నాకు డెమో ఉంది."

శుక్రవారం సాయంత్రం నేను ఒక పని చేశాను. అది 'మార్చడం' కిందికి వస్తుందని నాకు తోచనే లేదు. మా గల్లీలో డ్రైనేజీ పొంగుతోందని వార్డు ఆఫీసుకు అర్జీ రాయాలి. ఇంగ్లీషులో రాసి పంపితే జవాబు రాలేదు, అందుకని తెలుగులోనే కడిగేద్దామనుకున్నాను. ఫిర్యాదులు రాయడంలో నా చేయి తిరిగింది. అపార్ట్‌మెంట్ల వాళ్ల మీద, వాటర్ ట్యాంకర్ల మీద, ఆఫీసు క్యాంటీన్ మీద, ఒకటని కాదు. కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుంటే రీస్టార్ట్ చేసినప్పుడల్లా ఎగిరిపోతోంది. ఇంటర్నెట్‌లో ఎవరో ఒక లైను రాశారు, ఈ కమాండ్ కొడితే మొత్తం కంప్యూటర్‌కే తెలుగు శాశ్వతంగా అంటుకుంటుందని. కొట్టాను. అంటుకుంది. అర్జీ రాసి, ప్రింట్ తీసుకుని, కంప్యూటర్ ఆపి ఇంటికి పోయాను.

అతను మూడు కీలు కలిపి నొక్కాడు. రంగుల తెర పోయి, తెల్ల అక్షరాల నల్ల తెర వచ్చింది. మా కంప్యూటర్లు నడిచేది లినక్స్ మీద, అందులో అది ఇంటి వెనక వాకిలి లాంటిది. అక్కడ నన్ను పాస్‌వర్డ్ కొట్టమన్నాడు. కొట్టాను. తీసుకుంది.

"చూశారా అండి, పాస్‌వర్డ్ మంచిదే. ఇక్కడ తీసుకుంటోంది, ఆ తెర మీద తీసుకోవట్లేదు. మధ్యలో ఏదో తేడా ఉంది."

"ఆ ముచ్చట నాకూ తెలుస్తుంది. తేడా ఏందో చెప్పున్రి."

చెప్పలేకపోయాడు. డిస్కు నిండిందేమో చూశాడు, నిండలేదు. తెర తెరుచుకోవడానికి నా ఫోల్డర్‌లో ఉండే ఏవో చిన్న ఫైళ్లు తీసేసి చూశాడు. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ తీసి మళ్లీ వేశాడు. ప్రతిసారీ రీస్టార్ట్, ప్రతిసారీ ఆ గడి, ప్రతిసారీ నేను నా పాస్‌వర్డ్ కొట్టడం, చుక్కలు, తప్పు. నేను వెనక నిలబడి గడియారం చూస్తున్నాను. అతను మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. మధ్యాహ్నం ఒంటి గంటకు లేచి, "గంటలో వచ్చేస్తానండి" అన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను.

"నా పని గిట్ల నడిమిట్ల వదిలి పోతరా?"

"అత్తయ్యగారికి అన్నం పెట్టాలండి" అని వెళ్లిపోయాడు. సరిగ్గా గంటకు తిరిగొచ్చాడు. వస్తూనే మళ్లీ అదే ప్రశ్న.

"ఇంకోసారి గుర్తు తెచ్చుకోండి. శుక్రవారం ఏమైనా మార్చారా అండి?"

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. నీకు చేతకాక నా మీదికి నెడుతున్నావా అనుకున్నాను. పైకి అన్నదీ దాదాపు అదే. చుట్టుపక్కల నలుగురు తలలు తిప్పి చూశారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత నన్ను ఏమీ అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నానికి కూడా కాలేదు. నా ఫైళ్లు నల్ల తెరలోంచి తీసి ఇచ్చాడు కానీ, వాటిని నడిపించే ఏర్పాటంతా నా డెస్క్‌టాప్ మీదే ఉంది. డెమోలో పక్క సీటు కంప్యూటర్ మీద పాత స్క్రీన్‌షాట్లు చూపించి నోటితో కథ చెప్పాను. క్లయింటు ఒకటే ప్రశ్న వేశాడు, ఇది నిజంగా నడుస్తుందా అని. మీటింగ్ అయ్యాక మా మేనేజర్ నన్ను ఆపి, "ఇది క్లయింట్ ముందు చాలా బ్యాడ్‌గా పోయింది. ఎవరి వల్ల అయింది?" అన్నాడు.

ఎవరి వల్ల అని అడిగితే నా దగ్గర పేరు సిద్ధంగా ఉంది. అక్కడే కూర్చుని మెయిల్ రాశాను. అతని పేరు, ఇంటిపేరుతో సహా. రెండు రోజులు వృథా చేశాడు, పని మధ్యలో ఇంటికి పోతాడు, తనకు తెలియనిదానికి ఉద్యోగుల మీద అనుమానపడతాడు. మూడు ముక్కలూ బాగా కుదిరాయి. మేనేజర్ దాన్ని అలాగే ఏజెన్సీకి పంపాడు.

నా సీటుకు వచ్చేసరికి కంప్యూటర్ తెరిచి ఉంది. అతను లేచి నిలబడ్డాడు.

"అయిపోయిందండి. ఏమైందో టికెట్‌లో రాశాను. ఒకసారి చూడండి."

చూడలేదు. ఏమైందో నాకు అక్కర్లేదు, ఎప్పుడైందో చాలు. ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చి టికెట్ మూసేశాను. సాయంత్రం చూసుకుంటే నా తెలుగు కీబోర్డు లేదు. నా తెలుగును కూడా ఊడబీకి పోయాడని ఇంకో మెయిల్ పెట్టాను. అది పంపినప్పుడు నాకు కలిగిన తృప్తి ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాతి సోమవారం నుంచి అతను కనబడలేదు. కొత్త సపోర్టు మనిషి వచ్చాడు. అడిగితే, పాతాయనను జీడిమెట్లలో ఏదో మందుల ఫ్యాక్టరీకి వేశారన్నాడు. పుప్పాలగూడ నుంచి జీడిమెట్ల అంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొస. మంచిదే అయిందనుకున్నాను.

వానాకాలంలో డ్రైనేజీ మళ్లీ పొంగింది. మళ్లీ అర్జీ. పాత కమాండ్ వెతికి కొట్టాను, రాశాను, కంప్యూటర్ ఆపి ఇంటికి పోయాను. మర్నాడు పొద్దున పాస్‌వర్డ్ కొడితే చుక్కలు, వణుకు, తప్పు.

ఈసారి టికెట్ పెట్టలేదు. ఎందుకో చేయి రాలేదు. తెర మీది జాబితాలో నా పేరు వదిలేసి, వేరే పేరుతో లోపలికి వెళ్లే గడి తెరిచి, అందులో నా పేరే కొట్టాను. పేరు కొట్టే గడిలో చుక్కలుండవు, అక్షరాలు కనబడతాయి. కనబడ్డాయి. ఒక కొమ్ము దీర్ఘం, ఒక పొల్లు, ఒక 'క', ముందూ వెనకా లేని తెలుగు. అప్పుడు రెండు రోజుల పాటు నేను ఆ కంప్యూటర్‌కు నా ఇంగ్లీషు పాస్‌వర్డ్‌ను తెలుగులో చెబుతూ కూర్చున్నాను. తెలుగు రాని నల్ల తెర మాత్రం దాన్ని సరిగ్గా విన్నది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నేను. తెలుగు కీబోర్డు పెట్టానని ఒక్క ముక్క చెప్పి ఉంటే అతనికి అయిదు నిమిషాల పని.

నల్ల తెరలోకి పోయి మార్పు తీసేశాను. తర్వాత పాత టికెట్ తెరిచాను. చివర్న ఇంగ్లీషులో మూడు వాక్యాలున్నాయి. 'కీబోర్డు మొత్తం కంప్యూటర్‌కే తెలుగులోకి మార్చి ఉంది. తిరిగి ఇంగ్లీషు చేశాను. యూజర్‌ను రెండుసార్లు అడిగాను, ఏమీ మార్చలేదన్నారు.' ఎవరైనా చదివి ఉంటే సరిపోయేది. ఫిర్యాదు పంపిన మేనేజర్ చదవలేదు, రాసిన నేను చదవలేదు, మనిషిని మార్చిన ఏజెన్సీ చదవలేదు.

వెంటనే మేనేజర్‌కు మెయిల్ రాశాను. 'ఆ రోజు కీబోర్డు సెట్టింగ్ మారిపోవడం వల్ల సమస్య వచ్చిందని ఇప్పుడు తెలిసింది. సపోర్టు ఆయన తప్పేం లేదు.' రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. సరే, అయితే ఎవరి తప్పూ కాదన్నమాట, క్లోజ్ చేద్దాం అని. నాకు గుండె తేలికైంది. కొత్త సపోర్టు మనిషి దగ్గర ఆయన నంబర్ తీసుకుని, క్యాంటీన్ బయటి బాల్కనీలోకి పోయి ఫోన్ చేశాను. వెనక యంత్రాల మోత వినబడుతోంది. నేనెవరో చెప్పాను.

"చెప్పండి."

కీబోర్డు సంగతి తెలిసిందన్నాను.

"నాకు అప్పుడే తెలుసండి. రాశాను కూడా."

"సూసిన. ఇయ్యాలే సూసిన. మా మేనేజర్‌కు మెయిల్ పెట్టిన, మీ తప్పేం లేదని."

"ఏమని పెట్టారండి?"

చెప్పాను.

"మారిపోవడం వల్ల అని రాశారా? దానంతటదే మారిపోయిందా అండి?"

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నా మీద రాసినప్పుడు పేరు రాశారు కదండీ, ఇంటిపేరుతో సహా. ఏజెన్సీవాళ్లు చదివి వినిపించారు. ఇప్పుడు ఎవరి పేరూ లేదా? ఎవరి తప్పూ లేదంటే నన్ను వెనక్కి ఎందుకు వేస్తారండి వాళ్లు? మధ్యాహ్నం అత్తయ్యగారికి అన్నం పెట్టడానికి మా ఆవిడ ఆసుపత్రిలో డ్యూటీ రాత్రికి మార్పించుకుంది. అదీ దానంతటదే మారలేదు. ఇక నాకు ఫోన్ చేయకండి" అని పెట్టేశారు.

ఆయన అన్న ప్రతి 'అండి' చెవిలో గుచ్చుకుంది. గిల్లుతున్నారా అని ఈసారి అనుమానం కలగలేదు. గిల్లే హక్కు ఆయనకుంది.

సీటుకు వచ్చి మెయిల్ మళ్లీ తెరిచాను. జీవితంలో ఎన్ని ఫిర్యాదులు రాశానో లెక్క లేదు, ఒక్కదానికీ పది నిమిషాలు పట్టలేదు. 'నేను మార్చాను. అడిగితే లేదన్నాను' అని రాయడానికి అరగంట పట్టింది. కింద నా పేరు, ఇంటిపేరుతో సహా. ఈసారి మేనేజర్‌తో పాటు ఏజెన్సీకి కూడా పంపాను. మూడో రోజు నన్ను పిలిచి, కంప్యూటర్‌లో మార్పులు చేసే అనుమతి తీసేసి, హెచ్చరిక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఏజెన్సీ నుంచి ఒక్క వాక్యం వచ్చింది, ఆయనను వెనక్కి వేయడానికి మా ఆఫీసులో ఖాళీ లేదని.

ఆయన ఇప్పటికీ జీడిమెట్లకే పోతున్నారు.