ఏడో పేరు

మా అమ్మ టెంపీ మంత్రసాని. నార్త్ కరొలైనాలో మెహెరిన్ ఏటి చుట్టుపక్కల ఎవరికి నొప్పులొచ్చినా, నల్లవాళ్ళయినా తెల్లవాళ్ళయినా, ఆవిడకే కబురొచ్చేది. బిడ్డ కేరుమని ఏడ్చి, తల్లి కాస్త తేరుకున్నాక, ఆ ఇంట్లో ముసలాళ్ళ పక్కన చేరి ఒక్కటే ప్రశ్న అడిగేది: "పాత యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా మీ ఎరికలో ఉన్నారా?"

ఆ ప్రశ్న మొదలైంది 1833 మార్చిలో. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మా తాత కేలెబ్ ఆర్టిస్ పుట్టుకతోనే స్వేచ్ఛ ఉన్న నల్లవాడు. ఇంగ్లండు రాజుతో యుద్ధం జరిగినప్పుడు నార్త్ కరొలైనా పటాలంలో పద్దెనిమిది నెలలు తుపాకి మోశాడు. యూటా స్ప్రింగ్స్ పోరులో ఎడమ చెవి సగం ఎగిరిపోయింది. అమ్మదీ తాతలాగే స్వేచ్ఛ పుట్టుక. అమ్మ వల్ల మాదీ అంతే. మా నాన్న ఐరా మాత్రం పక్క పొలం దొర సొత్తు. శనివారం పొద్దువాలాక దొర చేత అనుమతి చీటీ రాయించుకుని వచ్చి, ఆదివారం వెళ్ళిపోయేవాడు. బానిసతో చేసుకున్న పెళ్ళి కోర్టువాళ్ళకి పెళ్ళే కాదు. కాబట్టి అన్న లెవీ, నేను, చెల్లి డోర్కాస్, ముగ్గురం కాగితాల్లో తండ్రి లేని పిల్లలం. అలాంటి నల్లపిల్లల్ని కోర్టు ఎవరో ఒక దొర దగ్గర ఇరవై ఒకటో ఏడొచ్చేదాకా పనికి కట్టేయొచ్చు.

జూన్ కోర్టులో మా పేర్లు పిలుస్తారని మార్చిలో తెలిసింది.

అమ్మ కోర్టు గుమాస్తా దగ్గరికి పరిగెత్తింది. ఆయన భార్యకి రెండు కాన్పులు చేసింది అమ్మే.

"మీ నాన్న సిపాయి అని రుజువైతే వేరే సంగతి," అన్నాడాయన. "పోయినేడు కొత్త చట్టం వచ్చింది, సర్కారు పింఛనిస్తుంది. పింఛను తినే పాత సిపాయి ఇంట్లోంచి పిల్లల్ని లాక్కోవాలంటే జడ్జీలకి మొహం చెల్లదు."

"రుజువంటే ఏంటి బాబూ?"

"పటాలం వాళ్ళిచ్చిన విడుదల కాగితం."

"జీతం బాకీ తెచ్చిపెడతానన్న షావుకారు చేతికిచ్చాడు నాన్న. షావుకారూ పోయాడు, కాగితమూ పోయింది."

"అయితే మీ నాన్నని పటాలంలో కళ్ళారా చూసినవాణ్ణి పట్టుకురా. జూన్ లోపల."

తాతతో ఒకే కుండలో వండుకు తిన్నవాళ్ళు ఏడుగురు. ఆ పేర్లు మాకు కంఠతా వచ్చు. చిక్కుడు గింజలు ఒలిచేటప్పుడల్లా తాత చెప్పేవాడు. అందులో ఆరుగురు మా రంగువాళ్ళు. ఏడోవాడు సార్జెంట్ విట్‌మెల్ ప్రూడెన్ తెల్లవాడు, మాకు ఆరు మైళ్ళ దూరంలోనే పొలం చేసుకుంటున్నాడు. పదిహేనేళ్ళ కిందట తాత సాక్ష్యం కోసం ఆయన దగ్గరికి వెళ్ళాడు కూడా. "నువ్వెవరో నాకు గుర్తు లేదు" అని తలుపేసుకున్నాడట. అందుకని అమ్మ మిగతా ఆరుగురి కోసం బయల్దేరింది.

హార్డీ వాల్డెన్ సమాధి దొరికింది, పక్కన ఆయన కొడుకుది కూడా. బెన్ హాలీ మశూచితో శిబిరంలోనే పోయాడని తాతకి తెలిసిందే. ఆర్థర్ రూక్స్ టెనెసీ వెళ్ళాడన్నారు, ఏ మూలో ఎవరికీ తెలీదు. జెత్రో మాన్లీ బానిసత్వం లేని ఇండియానాకి వలసపోయే బళ్ళతో పోయాడు. లెమ్ బాస్ బతికే ఉన్నాడని విని అమ్మ పద్నాలుగు మైళ్ళు నడిచింది. ఆయన అమ్మ రెండు చేతులూ పట్టుకుని, "అక్కా, ఇంత ఆలస్యమేంటే, మొక్కజొన్న కోశారా?" అని అడిగాడట. తాత పేరు పదిసార్లు చెప్పింది. పదిసార్లూ మొక్కజొన్న సంగతే అడిగాడు.

చివరిది మోజెస్ బూన్. యుద్ధమయ్యాక పడవ పనికని వర్జీనియా వెళ్ళి ఏట్లో పడి చచ్చిపోయాడని అందరూ అనుకునేవాళ్ళు.

ఆ నెలలోనే వాల్డెన్ వాళ్ళ మనవలు మళ్ళీ బళ్ళు కడుతున్నారు. "టెంపీ, పిల్లల్ని ఎక్కించు, పోదాం. ఇండియానాలో కట్టేసే కోర్టుల్లేవు," అన్నారు. తొంభై రోజులు దాటి రాష్ట్రం బయట ఉంటే మాలాంటివాళ్ళని తిరిగి అడుగు పెట్టనివ్వరు. నాన్నేమో కదల్లేడు. అమ్మ ఆ బళ్ళు మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చి, మా ముగ్గురికీ తలలు దువ్వింది. అంత గట్టిగా ఎప్పుడూ దువ్వలేదు.

ఏప్రిల్లో, హెర్రింగ్ చేపలు ఏరెక్కే రోజుల్లో, వర్జీనియా ఎల్లకి అవతలి నుంచి కబురొచ్చింది. ప్రూడెన్ గారి మేనల్లుడి భార్యకి నొప్పులు, డాక్టరు ఊళ్ళో లేడు. ఎల్ల దాటితే అమ్మ దగ్గరున్న స్వేచ్ఛ కాగితం చిత్తు కాగితమే. కానీ వాళ్ళు చీటీ రాసి, మనిషిని తోడిచ్చి పంపారు. వెళ్ళింది. మగపిల్లాడు పుట్టాడు.

చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళితే, ఒక ముసలాయన పీట మీద కూర్చుని చేపలు కోసి ఉప్పులో వేస్తున్నాడు. అలవాటు ప్రకారం అమ్మ ప్రశ్న అడిగింది.

"ఎవరి కోసం?" అన్నాడు తలెత్తకుండా.

"మా నాన్న కోసం. కేలెబ్ ఆర్టిస్."

కత్తి ఆగిపోయింది. "సగం చెవివాడు?"

అవునని అమ్మ తలూపింది.

"ఇంకా బతికున్నాడా దొంగ వెధవ! నా బూట్లు అరువు తీసుకున్నాడు. అడిగానని చెప్పు."

"మీరు... మోజెస్ బాబాయా?"

"ఇక్కడ నన్ను ఓల్డ్ మోజ్ అంటారు," అంటూ ఇంటివైపు చూసి గొంతు తగ్గించాడు. "పడవ దిగిన రోజే చీటీ లేదని పట్టుకున్నారమ్మా. నా కాగితం చూపిస్తే జైలువాడు చదివి, మడిచి, పొయ్యిలో వేశాడు. నా కళ్ళ ముందే. జైలు ఖర్చుల కింద నన్ను వేలం వేశారు. మొదట ఒకడు కొన్నాడు, ఆ తరవాత వీళ్ళ నాన్న కొన్నాడు. నలభై తొమ్మిదేళ్ళు."

"ఎవరికీ చెప్పలేదా బాబాయ్?"

"చెప్పాను. చెప్పినందుకు వీపు చూపించమంటావా?"

మర్నాడు అమ్మ ఇంటికి రాలేదు. నేరుగా ప్రూడెన్ పొలానికి వెళ్ళింది. ఆయన పీచ్ చెట్ల మధ్య బల్ల మీద కూర్చున్నాడట.

"మీ మేనల్లుడికి కొడుకు దొరా. తల్లీ బిడ్డా క్షేమం."

"మంచి మాట చెప్పావు. లోపలికెళ్ళి ఏమన్నా తిను."

"అక్కడ చేపలు కోసే ముసలాయన్ని చూశాను."

ప్రూడెన్ పీచ్ చెట్లవైపు చూపు తిప్పుకున్నాడు. తరవాత తనలో తను అనుకున్నట్టు చెప్పాడు. "మా అక్క పెళ్ళయిన ఏడాది వాళ్ళింటికి వెళ్ళాను. నా గుర్రం పట్టుకోడానికి వాడొచ్చాడు. వాడు నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. కళ్ళెం వాడి చేతికిచ్చి లోపలికెళ్ళి భోంచేశాను." ఆ వెంటే, "పటాలంలో నాకు చలిజ్వరం వస్తే వాడే తన కంబళి నాకు కప్పి తను మంట పక్కన కూర్చున్నాడు," అన్నాడు.

"మా నాన్న కూడా గుర్తున్నాడా దొరా?"

"గుర్తు లేకేం! మీ నాన్నని గుర్తు పడితే వాణ్ణీ గుర్తు పట్టాలి కదా."

అప్పుడు అమ్మ మా సంగతి చెప్పింది, జూన్ సంగతి. ఏడవలేదని తరవాత నాతో చాలాసార్లంది. అది తనకి ముఖ్యం.

"వస్తాను," అన్నాడు ప్రూడెన్. "బైబిలు మీద చెయ్యేసి కేలెబ్ నా కింద పనిచేశాడని చెబుతాను. కానీ ఆ చేపలు కోసేవాడి పేరు కోర్టు కాగితంలోకి రాకూడదు. వాడు స్వేచ్ఛ ఉన్న సిపాయి అని నేనూ కేలెబూ ఇద్దరం ఒప్పుకున్నట్టు ఒక్క ముక్క రాశారంటే, రేపు ఏ లాయరో దాన్ని పట్టుకుని మా అక్క కొడుకు మీదికి వస్తాడు. ఆ పేరు వినబడిందా, నేను లేచి వెళ్ళిపోతాను."

అమ్మ ఇంటికొచ్చి తాతకి మొదటి సగమే చెప్పింది. "బతికే ఉన్నాడా! నా టోపీ ఏదీ!" అని డెబ్భై ఆరేళ్ళ మనిషి గుమ్మం దిగి, వాకిలి దాటి, దడి దాకా వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. చీటీ లేని ముసలి నల్లవాడు ఎల్ల దాటితే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు, ఇప్పుడే కదా విన్నాడు. వెనక్కొచ్చి కూర్చున్నాక అమ్మ రెండో సగం చెప్పింది.

"నేను సాక్ష్యం చెబుతాను. వాడు నాలాగే స్వేచ్ఛగా పుట్టినవాడని చెబుతాను."

"తెల్లవాడి మీద నీ సాక్ష్యం ఏ కోర్టు తీసుకుంటుంది నాన్నా? బానిస అన్నాక మోజెస్ బాబాయి మాట అసలే వినరు. ప్రూడెన్ దొర కాదంటే ఆయనకి నువ్వొక్కడివే సాక్షి, నీకు ఆయనొక్కడే. ఇద్దరి నోళ్ళూ మూసేశారు."

"మరి నన్నేం చేయమంటావు?"

"ఆ మాట నా చేత అనిపించకు."

"అననక్కర్లేదులే," అన్నాడు తాత. "అర్థమైంది." ఆ రెండు నెలలూ ఇంట్లో ఆ మాట మళ్ళీ రాలేదు. చిక్కుడు గింజలు మౌనంగా ఒలిచాం.

జూన్‌లో కోర్టు హాలు కొలిమిలా ఉంది. మా ముగ్గుర్నీ మొహాలు కడిగి గోడ పక్క బల్ల మీద కూర్చోబెట్టారు, తాత తరవాత మా పేర్లే పిలుస్తారు గనక. మా వెనకే ఒకాయన నిలబడి, "పెద్దవాడి చేతులు బాగున్నాయి" అని ఎవరితోనో అన్నాడు. లెవీ చేతులు తొడల కింద దాచుకున్నాడు.

ప్రూడెన్ ప్రమాణం చేసి, కేలెబ్ ఆర్టిస్ తన కింద పద్దెనిమిది నెలలు పనిచేశాడని, మంచి సిపాయని చెప్పాడు. తరవాత జడ్జి తాతని అడిగాడు. "నీతోపాటు ఉన్నవాళ్ళ పేర్లు చెప్పు. గుమాస్తా రాసుకుంటాడు."

"విట్‌మెల్ ప్రూడెన్, సార్జెంటు. హార్డీ వాల్డెన్. ఆర్థర్ రూక్స్. బెన్ హాలీ. లెమ్ బాస్. జెత్రో మాన్లీ."

కలం గీరిన చప్పుడు ఆగింది. "ఇంకా?"

తాత మావైపు చూశాడు. ప్రూడెన్ ఒళ్ళో టోపీ అంచు తిప్పుతూ ఉన్నాడు. నేను చిన్నపిల్లని, ఏడోది తాత మర్చిపోయాడనుకుని అందించబోయాను. అమ్మ చెయ్యి నా నోటి మీద పడింది.

"అంతే," అన్నాడు తాత.

"ఆరుగురేనా?"

"ముసలాణ్ణి దొరా. అంతవరకే గుర్తు."

ఆ రోజు మా పేర్లు పిలవలేదు. ఆ ఏడాది చివర వాషింగ్టన్ నుంచి తాతకి పింఛను పత్రం వచ్చింది. మమ్మల్ని ఎవరూ కట్టేయలేదు. నేను మా అమ్మ దగ్గరే పెరిగాను.

అమ్మ జూలైలో పసివాణ్ణి చూసొస్తానని వంక పెట్టుకుని, ఈసారి చీటీ లేకుండానే, పొదల వెంబడి ఎల్ల దాటింది. మోజెస్ బాబాయి మొక్కజొన్న కండెలు ఒలుస్తున్నాడట. ఎదురుగా కూర్చుని జరిగిందంతా దాచకుండా చెప్పేసింది.

"అయితే నన్ను రెండోసారి అమ్మారన్న మాట," అన్నాడాయన.

అమ్మ తల దించుకుంది. ఆయన ఇంకో రెండు కండెలు ఒలిచాడు.

"నీ పిల్లల పేర్లేంటి?"

"లెవీ. నార్సిస్సా. డోర్కాస్."

"లెవీ, నార్సిస్సా, డోర్కాస్," అని నెమ్మదిగా అప్పజెప్పుకున్నాడు. "సరే. చాకిరీకి పోలేదు కదా. ఇంక వెళ్ళు. గస్తీవాళ్ళు గుర్రాలెక్కే వేళయింది." అమ్మ లేచి నాలుగడుగులు వేశాక వెనకనుంచి, "మళ్ళీ రాకు," అన్నాడు. అది కోపమో, ఆవిడ క్షేమం కోసమో, అమ్మకి చచ్చేదాకా తేలలేదు.

మూడో చలికాలంలో ఆయన పోయాడని, ఆ వైపు నుంచి పురిటి కబురు తెచ్చినవాడు చెప్పాడు. తాత విని, సరేనన్నాడు. కోర్టు రోజు తరవాత ఆయన యుద్ధం కబుర్లు చెప్పడం పూర్తిగా మానేశాడు. ఎవరైనా సిపాయి తాతా అని పిలిస్తే వినబడనట్టు ఆ సగం చెవిని అటు తిప్పేవాడు.

1838లో, చిలగడదుంపలు తవ్వే రోజుల్లో, తాత పోయాడు. సమాధి దగ్గరికి ప్రూడెన్ వచ్చాడు. నడవలేక ఇద్దరు పట్టుకుంటే వచ్చాడు. టోపీ తీసి, "నా పాత సిపాయి గురించి రెండు మాటలు చెబుతాను," అన్నాడు. మావాళ్ళందరూ తప్పుకుని దారిచ్చారు. తెల్లవాడు, పైగా మాకు మేలు చేసినవాడు.

అమ్మ తప్పుకోలేదు. "ఆ కుండలో తిన్నవాళ్ళందరి పేర్లూ చెప్పండి దొరా," అంది. "అన్నీ చెప్పేటట్టయితే చెప్పండి. లేకపోతే వద్దు."

ఆ మాటకి ఆవిడని ఏం చేసినా అడిగేవాడు లేడు. ప్రూడెన్ అమ్మవైపు చూశాడు. పెదవులు కదిలాయి, మాట మాత్రం బయటికి రాలేదు. టోపీ పెట్టుకుని, ఆ ఇద్దరి భుజాలూ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆ ఇంట్లో కాన్పులకి మా అమ్మని పిలవలేదు.

ఆవిడ ఇంకో ఇరవై రెండేళ్ళు బతికింది, మా పాత ఇంట్లోనే, నాన్న వచ్చే శనివారాలు లెక్కపెట్టుకుంటూ. నాన్నకి స్వేచ్ఛ రావడం చూడకుండానే పోయింది. కానీ ప్రశ్న మానలేదు. మా చుట్టుపక్కల మావాళ్ళలో యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళని ఇంకో పదకొండుమందిని వెతికి పట్టుకుంది. ఇద్దర్ని ఒకరికొకరు సాక్షులుగా నిలబెట్టి పింఛను ఇప్పించింది. ముసలాళ్ళు రాలిపోయాక వాళ్ళ కొడుకుల్ని అడిగేది, ఆ తరవాత వాళ్ళ మనవల్ని. చదువు రాదు కాబట్టి పేర్లన్నీ నోటికే పెట్టుకుంది. ఆ సిపాయిల వంశాల్లో ఎవరింట్లో బిడ్డ పుట్టినా, స్నానం చేయిస్తూ, ఆ బిడ్డ ముత్తాత పేరు చెవిలో చెప్పేది. వినేవాళ్ళు అదేదో మంత్రమనుకునేవాళ్ళు.