కుడివైపు వయొలిన్

ఏళ్ల తరబడి నేను మోస్తున్నది ఒక్క పేరా. నేనే రాసిన పేరా. దాన్ని దించుకునే అవకాశం ఈ రోజు మధ్యాహ్నం తనంతట తానే వచ్చి నా ఎదురుగా నిలబడింది. నేను నవ్వి, ప్లేటులో ఇంకాస్త పులిహోర వేసుకుని, పక్కకు తప్పుకున్నాను. ఈ రోజు చేసిన తప్పు అదే. పాతది తెలియక చేశాను. ఇది తెలిసే చేశాను.

నాది కాల్గరీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రాణం మాత్రం సంగీతం మీద. కొత్తగా వచ్చే జాజ్, ప్రయోగాల పేరుతో వచ్చే వింత రికార్డింగులు విని, ఒక చిన్న వెబ్ పత్రికకు ఇంగ్లీషులో సమీక్షలు రాస్తాను. కింద పొడి అక్షరాలే ఉంటాయి, పేరుండదు. అలాంటి రికార్డులు వినేవాళ్లే తక్కువ, రాసేవాళ్లు ఇంకా తక్కువ. ఒక్కోసారి ఆ రికార్డు గురించి లోకంలో ఉండేది నా మాట ఒక్కటే. అప్పట్లో అది నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక చలికాలం ఒక రికార్డు వచ్చింది. ఇద్దరే వాయించారు. ఒకాయన శాక్సఫోన్, ఒకమ్మాయి వయొలిన్. ఆ అమ్మాయి పేరు ప్రిస్కిల్లా. మన తెలుగమ్మాయే అని ఇంటిపేరు చూడగానే అనుకున్నాను. ఇద్దరూ రెండు గదుల్లో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉండాలని, శాక్సఫోన్‌ను పూర్తిగా ఎడమవైపు, వయొలిన్‌ను పూర్తిగా కుడివైపు పెట్టారు. ఆ సంగతి నాకు తెలియదు. ఆఫీసుకు వెళ్తూ వస్తూ కారులో వినడం నా పద్ధతి. కారులో కుడివైపు స్పీకర్లు పనిచేయడం లేదు. అదీ తెలియదు. మామూలు పాటలు రెండువైపులా దాదాపు ఒకేలా వస్తాయి కాబట్టి, డ్రైవర్ వైపు మోగుతుంటే లోటు తెలియలేదు.

శాక్సఫోన్ ఒక్కటే వినిపించింది. దాని మైకులో పడ్డ వయొలిన్ శబ్దం ఎక్కడో సన్నగా. నేను రాశాను: వయొలిన్ పేరు అట్ట మీద మాత్రమే ఉంది, జవాబు చెప్పాల్సిన మనిషి గోడ అవతలే నిలబడిపోయింది. బాగా రాశానని మురిసిపోయాను కూడా.

మంచు కరిగాక కారును సర్వీసుకు ఇచ్చాను. కుడివైపు వైరు తెగిపోయిందని చెప్పి, బాగుచేసి ఇచ్చారు. ఇంటికి వస్తుంటే ఆ రికార్డే మోగింది. పక్క సీటు ఖాళీగా ఉంది. అందులోంచి వయొలిన్ వినిపించింది. గట్టిగా, స్పష్టంగా, తొణకకుండా. కారు పక్కకు ఆపి చివరిదాకా విన్నాను. గోడ అవతల ఉన్నది నేనా?

మర్నాడే ఎడిటరుకు రాయొచ్చు. రాయలేదు. కారు స్పీకర్లలో విని తీర్పు చెప్పేవాడని తెలిస్తే ఇంతకుముందు రాసినవన్నీ ఏమవుతాయి? ఇక నాకు రికార్డులు ఎవరు పంపుతారు? ఆ వారం గడిచింది. తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా తోడైంది. అప్పటినుంచి ఏ రికార్డు పెట్టినా ముందు ఒక చెవి మూసుకుని, తర్వాత రెండోది మూసుకుని వింటాను. మా అమ్మాయి చూసి నవ్వుతుంది. మెయిల్ వచ్చిన ప్రతిసారీ, ఎవరో కనిపెట్టేశారని భయపడతాను.

ఈ రోజు చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర కొత్తగా వచ్చిన కుటుంబాన్ని మా ఆవిడ పరిచయం చేసింది. కాకినాడ వాళ్లు. ఈ మధ్యే టొరంటో పక్కనున్న వాన్ అనే ఊరి నుంచి వచ్చారట. వాళ్లమ్మాయి పేరు ప్రిస్కిల్లా.

"అంకుల్, మీరు జాజ్ వింటారంట కదా? ఆంటీ చెప్పారు. మన చర్చిలో ఇలాంటివాళ్లు ఉన్నారా అని షాక్ అయిపోయా."

"ఏదో కాలక్షేపం అమ్మా."

"నేనూ ఒక రికార్డ్ చేశాలెండి. ఒక్కటంటే ఒక్కటే రివ్యూ వచ్చింది. అందులో నా వయొలిన్ లేనే లేదన్నాడు ఆయనెవరో!" నవ్వింది. "నాకైతే వినిపించేది అంకుల్. కానీ వాయించింది నేనే కదా, అందుకే వినిపిస్తోందేమో అనిపించింది. బైటవాళ్లకి లేదేమో అని."

"మీతో వాయించినాయన ఏమీ అనలేదా?"

"మెయిల్ పెడదామన్నాడు. నేనే వద్దన్నా. పెద్దవాళ్లు, తెలీకుండా రాస్తారా?" చేతిలో గ్లాసు తిప్పుతూ అంది. "ఇప్పుడు టొరంటోలో ఒకామె రికార్డింగ్‌కి రమ్మంటోంది. రేపటికల్లా చెప్పాలి. నో చెప్పేస్తా. మళ్లీ వినిపించకపోతే ఎందుకండీ?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? నేనన్నది ఇది: "పోనీలే అమ్మా, రివ్యూలెవరు పట్టించుకుంటారు."

ఆమె పట్టించుకుంది. తన చెవిని పక్కన పెట్టి నా చెవిని నమ్మింది.

ఇంటికి వచ్చి, హెడ్‌ఫోన్స్‌లో ఎడమవైపు పూర్తిగా తగ్గించి, కుడివైపు ఒక్కటే పెట్టి విన్నాను. ఎడిటరుకు జరిగింది జరిగినట్టు రాసి, ఆ సమీక్ష మీద సవరణ వేయమని, కింద నా పూర్తి పేరు పెట్టమని అడిగాను. జవాబింకా రాలేదు. తర్వాత మా ఆవిడను నంబరు అడిగి ప్రిస్కిల్లాకు ఫోన్ చేశాను. రాసింది నేనేనని, కారు సంగతి, ఇన్నేళ్ల సంగతి, మధ్యాహ్నం సంగతి, అన్నీ చెప్పాను.

"తర్వాతైనా విన్నారా?" అంది. అంకుల్ అనలేదు.

విన్నానన్నాను. మూడో ట్రాక్‌లో శాక్సఫోన్ దారి తప్పి తిరుగుతోందని రాశాను కదా, అది తప్పలేదని, మీ వెనకే నడుస్తోందని చెప్పాను.

ఫోన్ పెట్టేసింది.

రేపు టొరంటోకు ఏం చెబుతుందో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు. వచ్చే ఆదివారం చర్చికి వెళ్లాలంటే భయంగానే ఉంది. అయినా ఎవరో కనిపెట్టేస్తారన్న ఆ పాత భయం మాత్రం లేదు. కనిపెట్టడానికి ఇక ఏమీ మిగల్లేదు.