గుడ్లగూబ మీద ఉలి గాటు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తూ నెత్తి నెరిసినవాణ్ణి. సరుకు కంటితో చూసి, చేత్తో తడిమితేగాని నమ్మను. అయినా ఇది రాస్తున్నానంటే, జరిగింది నాకే కాబట్టి.

నాకు పాత నాణేల పిచ్చి అంటించింది మా సోషల్ మాస్టారు ప్రసాదరావుగారు. ఆయన రిటైరయ్యాక ఇద్దరం కలిసి గ్రీకు వెండి నాణేలు వెతికేవాళ్ళం. కొనేది నేను, వాటి కథ విప్పేది ఆయన. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, ఏథెన్స్ నాణెం. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న దేవత, రెండోవైపు గుడ్లగూబ. బడిలో ఉన్నన్నాళ్ళూ దాని బొమ్మ బోర్డు మీద వేసి చూపించారుగాని, అసలుది చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు.

మొన్న వేసవిలో ఆయనకు లివరు పాడైంది. కొత్తపేటలో ఆసుపత్రిలో చేర్చారు. ఇక ఆశ లేదని డాక్టర్లు చెప్పేశారు. తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేసి, చివరికి హైదరాబాదులో ఒక వ్యాపారి దగ్గర ఆ నాణెం పట్టాను. అతను దేవత వైపు ఫోటో ఒక్కటే పంపాడు. తొందరలో రెండోది అడగలేదు. మాస్టారికి అదే చూపించాను.

"తెచ్చెయ్ రా, ఒక్కసారి పట్టుకుంటా" అన్నారు.

గుడ్లగూబ బొమ్మను మా ఆవిడ ఇంటి గడప తొక్కనివ్వదు. అందుకని కొరియర్ నేరుగా యార్డులో నా కొట్టుకే తెప్పించాను. విప్పి తిప్పి చూద్దును కదా, గుడ్లగూబ కంటి మీదుగా ఉలితో కొట్టిన లోతైన గాటు! నాకు తిక్క రేగింది. మాస్టారి చేతిలో పెట్టేది ఇలాంటిదా? వ్యాపారికి ఫోన్ చేసి నాలుగు దులిపి, మంచిది పంపమని, ఆ మధ్యాహ్నమే దాన్ని తిప్పి పంపేశాను. ఫోటో తియ్యలేదు. ఎవరికీ చూపించలేదు, చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్ళాను. నాణెం ఇంకా రాలేదని చెబుదామనుకున్నాను. నన్ను చూడగానే మాస్టారు నవ్వారు.

"ఆ గాటు చూసి బాధపడకు రా. లోపల రాగి ఉందేమోనని ఆ రోజుల్లో ఎవడో కొట్టి చూశాడు. లోపలా వెండే. మీ యార్డులో టిక్కీ కుట్టు విప్పకుండా సరుకు కొంటారా ఏంటి?"

టిక్కీ అంటే మిర్చి బస్తా. రోజూ బస్తాల మూతి విప్పించి, కాయ విరిచి చూసేవాణ్ణి, నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఏ గాటండీ అని అడిగాను.

"నిన్న సాయంత్రం నువ్వు తెచ్చిచ్చిందేరా" అంటూ కుడి అరచెయ్యి చాపారు.

చేతిలో ఏమీ లేదు. కానీ నాణేన్ని గట్టిగా అదిమితే పడే గుండ్రటి అచ్చు ఎర్రగా ఉంది. అందులో ఒక పెద్ద కన్ను, దాన్ని కోస్తూ ఒక గీత. సెలైన్ సూది ఎడమ చేతికుంది. ఇక నేనంటారా, ఆ సాయంత్రమంతా యార్డులో కాటా దగ్గరే ఉన్నాను. ఆసుపత్రి మొహం చూడలేదు.

బయటికొచ్చి వ్యాపారికి ఫోన్ చేశాను. అదే నాణెం కావాలని బతిమాలాను.

"మీరే వద్దన్నారు కదండీ, వేరేవాళ్ళకి మాటిచ్చేశాను" అన్నాడు.

ఆ వారంలోనే మాస్టారు పోయారు. సమాధి చేసి వచ్చాక, ఆయన భార్య సుగుణమ్మగారు నన్ను పక్కకు పిలిచారు.

"ఆ సాయంత్రం నువ్వొచ్చి ఇచ్చావే, ఆ బిళ్ళ కనపడట్లేదు బాబూ. రాత్రంతా గుప్పెట్లోనే పెట్టుకున్నారు. దుప్పట్లన్నీ దులిపాను, మంచం కింద వెతికాను. ఖరీదైందంట కదా, ఏమీ అనుకోకు నాయనా."

ఆమె భయం పోగొట్టాలని అబద్ధమాడాను. నేనే తీసుకెళ్ళానమ్మా, నా దగ్గర భద్రంగా ఉంది అన్నాను.

"పోన్లే బాబూ. ఆయన తృప్తిగా పట్టుకున్నారు, నాకదే చాలు" అన్నారు.

ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుపట్టదు. ఆమెను అడుగుదామంటే నిజం చెప్పాల్సొస్తుంది, నోరు రాదు. ఆ సాయంత్రం నాలాగే ఆయన మంచం దగ్గరికి వెళ్ళింది ఎవరో నాకు తెలియదు. ఎవరైతేనేం, నేను చెయ్యాల్సిన పని వాళ్ళు చేశారు.