హుసేన్‌బీ కొంగులో ఫ్యూజులు

ఈ రోజు మధ్యాహ్నం గాలివానకు జమ్మలమడుగులో మా వీధి కరెంటు తీగ తెగి బాటకు అడ్డంగా పడింది. మేం బయటికి వచ్చేసరికే ఎదురింటి హుసేన్‌బీ చేతులు చాచి, ఎవరినీ దాని దగ్గరికి రానివ్వకుండా నిలబడి ఉంది. నిరుడు, మా వీధికి కరెంటు వచ్చిన కొత్తలో, ఇలా తెగిపడిన తీగను పట్టుకుని ఆమె భర్త చనిపోయాడు.

లైన్‌మన్ వచ్చి, "ఫ్యూజులు పీకేసినాలే అక్కా, పక్కకు రా" అన్నాడు.

"ఆ పొద్దు గూడా కరెంటు లేదనే చెప్పినారప్పా. ఆ మాట నమ్మి మా ఆయన పట్టుకున్న్యాడు."

లైన్‌మన్ సంచిలోంచి మూడు పింగాణీ ఫ్యూజులు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇవి నీకాడ ఉన్నంతసేపు ఈ తీగలోకి కరెంటు రాదు. నేను దిగినాక ఇయ్యి."

ఆమె వాటిని కొంగులో ముడివేసుకుని, అతను స్తంభం మీద ఉన్నంతసేపూ తలెత్తి అతన్నే చూస్తూ నిలబడింది. పని ముగించి దిగి అతను చేయి చాచాడు. ఆమె ముడి విప్పలేదు.

"ఇంగ కొంచేపు ఉండనీప్పా" అంది.

అతను ఆమె అరుగు మీద కూర్చున్నాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. నేనిది కిరసనాయిలు బుడ్డి ముందు రాస్తున్నాను. వెళ్లి ఫ్యూజులు ఇచ్చేయమని అడగడానికి నాకు నోరు రాలేదు. మీరైతే అడిగేవారా?